మూడో పెట్టె

పోయిన వారం మార్తమ్మ గారు మెట్ల మధ్యలో ఆగిపోయారు, మనం కూడా ఆవిడతోపాటే అక్కడ ఆగాం. ఆయాసం వచ్చి ఆగలేదండీ ఆవిడ. పై గదిలోంచి మిషన్ల హోరు వినపడింది. ఆ హోరు ఆవిడ ఇంతకుముందు విన్నారు, అది టక్కున ఆగిపోవడం కూడా ఫోన్లో విన్నారు. అందుకే కాలు ముందుకి పడలేదు.

ఇవాళే మొదలుపెట్టి చదువుతున్నవాళ్లు కంగారు పడకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అబ్దుల్ రవూఫ్ గారు బెజవాడలో ఇరవయ్యారేళ్ల నుంచి బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్ముకునే మనిషి. చదువు ఎనిమిదో తరగతి. అక్క కూతురు ఆఫ్రీన్ కంప్యూటర్ ఇంజినీరు. మావయ్యకి కరెంటు తెలుసు, మేనకోడలికి కంప్యూటర్ తెలుసు, ఇద్దరూ కలిసి ఒక పెద్ద సర్వర్ పెట్టారు. పెట్టె చూడ్డానికి ఒక్కటే, లోపల మాత్రం పదమూడు కంప్యూటర్లు. ఒకే ఇంటిని పదమూడు వాటాలు చేసి, ఎవరి తలుపు వాళ్లకి, ఎవరి కుళాయి వాళ్లకి ఇచ్చినట్టన్నమాట. పక్క వాటాలో ఎవరున్నారో కూడా తెలియకుండా పదమూడు మందీ అందులో హాయిగా కాపురం ఉంటారు. అందులో ఒక వాటా ఉయ్యూరులోని చిన్న డయాలసిస్ ఆసుపత్రిది. అక్కడి నర్సులందరికీ పెద్ద దిక్కు మన మార్తమ్మ గారు.

బుడమేరు పొంగిన ఏడు సింగ్ నగర్లో ఉన్న పాత షాపు మునిగింది. పెట్టె మునిగింది. ఆసుపత్రి వాటాలో ఉన్నదంతా నీళ్లపాలయ్యింది. ఏం పోయిందో తెలుసా అండీ? కిడ్నీలు పనిచెయ్యని మనిషికి ఒక బరువుంటుంది. ఒంట్లో చేరిన నీరంతా మిషన్ తీసేశాక మిగలాల్సిన బరువు. అంతకంటే కిలో ఎక్కువ లాగేస్తే మనిషి కళ్లు తేలేస్తాడు. ఆ అంకెలన్నీ పోయాయి. నర్సులు గుర్తున్నంత మటుకు రాసుకుని, పేషెంట్లని అడిగి రాసుకుని నెట్టుకొచ్చారు. కాలవ మీద లస్కరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయనకి అంకె తప్పింది. మూడు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. ఆ మూడు రోజులూ రవూఫ్ గారు ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నారు. నాలుగో రోజున మార్తమ్మ గారి ముందు నిలబడి, ఈసారి మా షాపు మునిగినా మీ అక్షరం మునగదమ్మా అన్నారు.

ఆ మాట నిజమో కాదో చూడ్డానికే ఆవిడ ఇవాళ వచ్చారు. నిజమైతే నూట అరవై మంది వివరాలూ ఇక్కడే ఉంటాయి. కాదంటే రేపట్నించి మళ్లీ కాయితాలే అని డాక్టరు గారితో చెప్పే బయల్దేరారు. రవూఫ్ గారికి ఉన్న పెట్టుబడంతా ఆ ఒక్క మాటే.

సరే, ఆవిడ పైకొచ్చారు.

వన్ టౌన్‌లో మేడ మీదున్న ఆ కొత్త షాపు గది పెద్దదేం కాదు. ఒక పక్క బ్యాటరీల వరస, డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు, ఇంకో పక్క గాజు తలుపు బీరువాలో నల్లగా, పచ్చ దీపాలు మినుకుమినుకుమంటూ సర్వర్. మార్తమ్మ గారు కుర్చీ వద్దన్నారు. యాభై దాటిన మనిషి, ఉయ్యూరు నుంచి బస్సులో చెరుకు ట్రాక్టర్ల వెనకాల గంటన్నర ఈడ్చుకుంటూ వచ్చి కూడా చీర మడత నలగలేదు. చేతిసంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, రెండోది ఎక్కడ అని అడిగారు.

రెండోది మీ ఆసుపత్రి మేడ మీదే ఉందమ్మా, బట్టలుతికే గది పక్కన, రెండు నెల్లయ్యింది పెట్టి అని రవూఫ్ గారు చెప్పారు. అది తెలుసండీ, అది అక్కడ ఊరికే కూర్చుందా, పని చేస్తోందా అని ఆవిడ ప్రశ్న.

అప్పుడు ఆఫ్రీన్ అందుకుంది. ఉయ్యూరులో మీ రూతు సిస్టర్ ఒక అంకె కొట్టి సేవ్ నొక్కితే, ఆ అంకె ముందు ఇక్కడ పెట్టెలో పడుతుందంట. పడగానే ఫైబర్ లైను మీద ఉయ్యూరు పెట్టెకి పరిగెడుతుందంట. నేనూ రాసుకున్నానని అక్కడ్నించి జవాబొచ్చాకే, సేవ్ అయ్యిందని రూతు సిస్టర్‌కి కనపడుతుందంట. రెండు చోట్లా పడితేనే పడినట్టు. ఒక్కచోట పడింది పడినట్టు కాదు.

ఎంతసేపు పడుతుంది అదంతా అన్నారు మార్తమ్మ గారు. మీరు రెప్ప వేసి తీసేలోపు పాతికసార్లు వెళ్లొస్తుందండీ అంది ఆఫ్రీన్. గంటన్నర బస్సులో కూర్చుని వచ్చిన మనిషి, ఆ మాటకి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

రవూఫ్ గారికి ఇవన్నీ మేనకోడలు మొదట చెప్పినప్పుడు బుర్రకెక్కలేదు. ఎక్కిన రోజు మాత్రం మసీదులో ఎక్కింది. ఆ ముక్కే మార్తమ్మ గారికి చెప్పారు. రంజాన్ నెలలో రాత్రి తరావీ నమాజులో ఖురాను మొత్తం కంఠతా వచ్చిన హాఫిజ్ గారు ముందు నిలబడి చదువుతారు. ఆయన వెనకే మొదటి వరసలో ఇంకో హాఫిజ్ గారు ఉంటారు. ఆయన పని వినడం. ముందాయన నోట్లో ఒక మాట జారితే వెనకాయన అందిస్తారు. ముందాయనకి వజూ తెగిందనుకోండి, అంటే శుద్ధి పోయిందనుకోండి, ఆయన వెనక్కి జరిగి, వెనకున్నాయన చెయ్యి పట్టి ముందుకి లాగుతారు. ఆ వచ్చినాయన ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే అందుకుంటారు. వెనకాల ఐదొందల మంది తల వంచుకుని నిలబడి ఉంటారు, ఒక్కరి నమాజూ చెడదు.

"మా చర్చిలో అంత లేదు భాయ్. పాస్టరు గారికి దగ్గొస్తే ప్రసంగం అక్కడితో సరి, జనం బిర్యానీకి లేస్తారు," అన్నారు మార్తమ్మ గారు. అంటూ నవ్వలేదు. ఆఫ్రీన్ నవ్వింది. రవూఫ్ గారు నవ్వాలా వద్దా అని ఆలోచించి మానేశారు.

ఇంక పరీక్ష. ఆఫ్రీన్ లెక్క ప్రకారం కంప్యూటర్లో ఒక ఆర్డరు కొడితే ఇక్కడి పెట్టె మర్యాదగా అన్నీ సర్దుకుని ఆగుతుంది, అప్పుడు ఉయ్యూరు పెట్టె అందుకుంటుంది. మార్తమ్మ గారు దానికి ఒప్పుకోలేదు.

"నీళ్లు చెప్పి వచ్చాయా అమ్మా? తలుపు కొట్టి, వస్తున్నాం సర్దుకోండి అన్నాయా?"

వైరు పీకమన్నారు. పనివేళ పదకొండింటికి, ఆసుపత్రిలో పన్నెండు మంచాల మీద పన్నెండు మంది ఉండగా. వాళ్లకి రక్తం శుద్ధి చేసే మిషన్లు వేరే, వాటికి ఈ పెట్టెతో సంబంధం లేదు. పోతే రాసుకునేది పోతుంది, అంతే. ఆ అంతే అన్నది ఎంతో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

మార్తమ్మ గారి ఫోన్లో రూతు సిస్టర్ లైన్లో ఉంది. ఆఫ్రీన్ ఆ ఫోన్‌కి స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టింది. నాలుగో మంచం పెద్దావిడ బరువు ఇప్పుడే తూచానండీ, యాభై నాలుగు పాయింటు రెండు, కొడుతున్నాను అంది రూతు. కొట్టింది. సేవ్ అయ్యిందండీ అంది.

రవూఫ్ గారు బీరువా వెనక్కి వెళ్లి వంగారు. పెట్టెకి రెండు వైర్లుంటాయి, ఒకటి పోయినా రెండోది ఉంటుందని. రెండూ రెండు చేతుల్తో పట్టుకున్నారు. ఇరవయ్యారేళ్లుగా ఆయన బతుకంతా ఒకటే పని, ఎవరింట్లోనూ కరెంటు పోకుండా చూడ్డం. పెళ్లిళ్లలో, ఆపరేషన్ థియేటర్లలో, పరీక్షల ముందు పిల్లల గదుల్లో. ఉన్న కరెంటుని తన చేత్తో తీసెయ్యడం ఇదే మొదలు. బిస్మిల్లా అనుకుని లాగేశారు.

హోరు ఆగిపోయింది.

మీరెప్పుడైనా గమనించారో లేదో, ఫ్యాన్లు ఆగాక వచ్చే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు. కింద రోడ్డు మీద ఆటో హారన్లు, ఎదురు కొట్లో మిక్సీ బాగుచేస్తున్న చప్పుడు, అన్నీ గదిలోకి వచ్చేశాయి. పచ్చ దీపాలు ఒక్కటీ లేవు. అవతల రూతు, స్క్రీను బిగుసుకుపోయిందండీ అంది. కాసేపాగి, తెల్లగా అయిపోయిందండీ అంది. మార్తమ్మ గారు కళ్లు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారో, సెకన్లు లెక్కపెడుతున్నారో తెలియదు.

నిమిషం. నిమిషం పది. ఆఫ్రీన్ నిమిషన్నర అని ముందే చెప్పింది. రవూఫ్ గారి చేతుల్లో ఆ రెండు వైర్లూ చచ్చిన పాముల్లా వేలాడుతున్నాయి, వాటిని కింద పెట్టాలని కూడా ఆయనకి తోచలేదు.

"వచ్చిందండీ," అంది రూతు. "పాస్‌వర్డ్ అడుగుతోంది. కొట్టాను. నాలుగో మంచం తీస్తున్నా. ఉందండీ. యాభై నాలుగు పాయింటు రెండు. ఉంది."

రవూఫ్ గారు చల్లబడుతున్న పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. ఇది ఇక్కడ చచ్చి పడి ఉంది. ఇందులో ఉన్న ఆసుపత్రి ముప్పై కిలోమీటర్ల అవతల లేచి నిలబడింది. ఎవరూ మొయ్యలేదు, బండెక్కించలేదు. ఒక్క ఆసుపత్రేంటి, పదమూడు వాటాల వాళ్లూ పెట్టే బేడా సర్దుకునే పని లేకుండా, నిద్రలో ఉన్నవాళ్లని మంచంతో సహా ఎత్తి ఇంకో ఇంట్లో దింపినట్టు, అక్కడ కళ్లు తెరిచారు. మనిషి చేసిన పనే ఇది, తన మేనకోడలు ఆ మూల కూర్చుని రెండు నెలలు గోళ్లు కొరుక్కుంటూ చేసిందే. అయినా దేవుడు చేసిన పని చూసినప్పుడు ఎక్కడ బిగుసుకుంటుందో ఛాతీలో అక్కడే బిగుసుకుంది ఆయనకి. కళ్లు తుడుచుకుంటే బాగుండదని తుమ్మొచ్చినట్టు మొహం తిప్పుకున్నారు.

మార్తమ్మ గారు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వైర్లు మళ్లీ పెట్టమన్నారు. పెట్టగానే పెట్టె లేచి, తను లేనప్పుడు రాసినవి ఏవేవో ఉయ్యూరు దాన్ని అడిగి, అవి మాత్రమే తెచ్చుకుని రాసుకుంది. పది నిమిషాల్లో రెండూ మళ్లీ ఒకటే. ఆవిడకి అదీ ఆశ్చర్యమే. సెలవు పెట్టిన నర్సు మర్నాడు వచ్చి, నిన్న ఏమయ్యిందో తనంతట తను అడిగి రాసుకోవడం ముప్పై ఏళ్ల సర్వీసులో చూళ్లేదన్నారు.

టీ వచ్చింది. టీ తాగుతూ ఆవిడ ఒక ప్రశ్న వేశారు. ఇక్కడిది పోయిందని ఉయ్యూరు దానికి ఎలా తెలిసింది? ఇది పోకుండా మధ్యలో లైను మాత్రమే తెగిందనుకో, అప్పుడు అది ఏమనుకుంటుంది?

ఆఫ్రీన్ మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. అదేనండీ అసలు భయం అంది. లైను తెగితే ఇక్కడిది అక్కడిది పోయిందనుకుంటుంది, అక్కడిది ఇక్కడిది పోయిందనుకుంటుంది. రెండూ పెద్దరికం తీసుకుని రెండూ రాయడం మొదలెడతాయి. ఒకే పేషెంటుకి ఇక్కడ యాభై నాలుగు, అక్కడ యాభై మూడు. తర్వాత లైను అతికినా ఏది నిజమో ఆ దేవుడే చెప్పాలి. అందుకని మూడో పెట్టె ఒకటుంది. చిన్నది, అరచేతిలో పడుతుంది. అందులో మీ వివరాలేవీ ఉండవు. దాని పనల్లా ఓటు వెయ్యడం. మొత్తం మూడు ఓట్లు, రెండు ఉన్నవాళ్లే రాయాలి, అవతలి పెట్టె తిరిగొచ్చేదాకా ఒక్కచోట రాసినా సరే. ఒంటరిగా మిగిలిన పెట్టె తనంతట తనే కలం కింద పెట్టేస్తుంది. పక్కవాళ్లు పోయారో, తన చెవులే పోయాయో దానికి తెలియదు కాబట్టి, తప్పు రాయడం కంటే ఆగిపోవడం మేలని ఆగిపోతుంది.

"మనుషులకి లేదమ్మా ఆ బుద్ధి," అన్నారు మార్తమ్మ గారు. టీ గ్లాసు కింద పెట్టారు. పెట్టి, గది నాలుగు మూలలూ ఒకసారి చూశారు.

"బుడమేరు వచ్చినప్పుడు నీళ్లు పెట్టె వైరు ఒక్కటే పీకాయా రవూఫ్ భాయ్, షాపంతా తీసుకుపోయాయా?"

షాపంతా అన్నారు రవూఫ్ గారు.

అయితే షాపంతా ఆపండి అన్నారావిడ. మెయిన్ దించెయ్యండి, ఆ పెద్ద ఇన్వర్టరు కూడా కట్టెయ్యండి, ఈ గదిలో ఒక్క దీపం వెలగకూడదు, అప్పుడు మా రూతు స్క్రీను చూస్తాను అన్నారు.

ఆఫ్రీన్ హాయిగా సరేనంది. ఆసుపత్రి ఇప్పుడు ఎలాగూ ఉయ్యూరు పెట్టె మీదే నడుస్తోంది, దానికి తోడు మూడో పెట్టె హనుమాన్ జంక్షన్లో ఉంది, రెండు ఓట్లు. షాపు పోయినా ఏమీ కాదండీ, చూడండి అంది. లేచి మెయిన్ బోర్డు దగ్గరికి నడిచింది.

రవూఫ్ గారు కుర్చీలోంచి లేవలేదు. ఎందుకంటే మూడో పెట్టె హనుమాన్ జంక్షన్లో లేదు. ఆయన కూర్చున్న కుర్చీకి రెండడుగుల దూరంలో, కౌంటరు కింద, పాత దుప్పటి చాటున ఉంది.

ఎలా వచ్చిందంటారా. జంక్షన్లో లక్ష్మీకాంత్ గారని ఆయనకి పాత స్నేహితుడు, టైర్ల షాపు. మేడ మీద చిన్న గదిలో పెట్టె పెట్టుకోనిచ్చాడు. మంచి మనిషి. కానీ సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు అగరొత్తి తిప్పి, మెయిన్ దించి, షట్టరు లాగి, తాళం కళ్లకద్దుకుని పోవడం ఆయనకి ముప్పై ఏళ్ల అలవాటు. షార్టు సర్క్యూటు భయం. మన బజార్లలో ఎవరు చెయ్యరండీ ఆ పని? రవూఫ్ గారూ చేస్తారు. ఆపొద్దని మూడుసార్లు చెప్పారు, సరే భాయ్ సరే భాయ్ అన్నాడు, పొద్దుగూకేసరికి చెయ్యి దానంతట అదే మెయిన్ మీదికి పోయింది. రోజూ సాయంత్రానికి పెట్టె చచ్చేది. అప్పుడు ఆఫ్రీన్ కొడుక్కి జ్వరమొచ్చి బందరులో అత్తగారింట్లో ఉంది. పిల్లని కంగారు పెట్టడమెందుకని రవూఫ్ గారే బస్సెక్కి వెళ్లి, పెట్టెని ఒళ్లో పెట్టుకుని తెచ్చేశారు. షాపులో ఉన్నవాటిలోకెల్లా మంచి బ్యాటరీ ఏరి, వేరే నెట్టు పెట్టి, విడిగా బిగించారు. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నారు. దానికి కరెంటు పోయిన క్షణం లేదు ఆ రోజు నుంచి. మంచి పని చేశాననే అనుకున్నారు. ఇంత పనికి పెట్టె ఎక్కడుంటే ఏంటి, బతికుంటే చాలు గదా అనుకున్నారు.

షాపంతా తీసుకుపోయాయి అని తన నోటితో తను అన్నాకే తెలిసింది ఆయనకి తను చేసిందేంటో. నీళ్లొస్తే ఒకేసారి రెండు ఓట్లు మునుగుతాయి. ఉయ్యూరులో ఆ పెట్టె నిక్షేపంగా ఉండి, అన్ని అంకెలూ కడుపులో పెట్టుకుని, ఒంటరినయ్యానని నోరు మూసుకుంటుంది.

ఇంకో సంగతి కూడా తెలిసింది ఆయనకి, అది ఇంకా చెడ్డది. ఇప్పుడు తను నోరు మెదపకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. మెయిన్ దించినా, ఇన్వర్టరు కట్టినా, దుప్పటి చాటున ఆ పెట్టె తన సొంత బ్యాటరీ మీద బతికే ఉంటుంది. ఓటు వేస్తుంది. రూతు స్క్రీను నడుస్తుంది. మార్తమ్మ గారు సంతోషంగా బస్సెక్కుతారు. రేపు పొద్దున్నే పెట్టెని జంక్షన్లో పెట్టేసి రావచ్చు. ఒక్క రోజు. ఒక్క రోజులో వరదొస్తుందా?

ఆఫ్రీన్ చెయ్యి మెయిన్ మీద ఉంది. దించనా మామూ అంది.

"ఆగు బేటీ," అన్నారు రవూఫ్ గారు. లేచి, మోకాళ్ల మీద కూర్చుని, దుప్పటి తీసి, ఆ పెట్టెని చూపించారు. చూపించి మొత్తం చెప్పేశారు. లక్ష్మీకాంత్ అగరొత్తి దగ్గర్నించి తన ఒళ్లో బస్సు ప్రయాణం దాకా.

ఆఫ్రీన్ మెయిన్ మీంచి చెయ్యి తీసేసింది. ఆ పిల్లకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఓటు వేసేవాణ్ణి తీసుకొచ్చి పోటీ చేసేవాడింట్లో కూర్చోబెట్టావు మామూ. రెండు నెలల నా పనికి నువ్వు దుప్పటి కప్పావు."

ఆయన తల దించుకున్నారు.

మార్తమ్మ గారు ఇద్దరినీ చూస్తూ కూర్చున్నారు. అప్పుడు బుడమేరు రోజు ఎత్తారు. ఆ రోజు మీకు ఫోన్ చేశాను భాయ్, వెనకాల మిషన్ హోరు వినపడుతోంది, మోకాలి దాకా నీళ్లలో నిలబడి కూడా మీరు అంతా బాగానే ఉందమ్మా అన్నారు, ఆ మాట మీ నోట్లో ఉండగానే హోరు ఆగింది, ఆ ఒక్క అబద్ధం చెప్పకపోతే నేను అప్పటికప్పుడు అంకెలన్నీ కాయితం మీద ఎక్కించుకునేదాన్ని, లస్కరు పెద్దాయన మంచాన పడేవాడు కాదు అన్నారు. ఇన్నాళ్లూ ఆవిడ ఈ ముక్క ఎవరితోనూ అనలేదు. రవూఫ్ గారు నిద్రపట్టని రోజుల్లో తనతో తను అనుకున్నదీ ఇదే.

"ఇవాళ ముందే చెప్పారు," అన్నారావిడ. "దానికి విలువ ఉంది, కానీ నా పేషెంట్లకి అది చాలదు. దాన్ని కూడా ఆపండి. వరదొచ్చుంటే మా వాళ్లకి ఏమయ్యేదో నా కళ్లతో చూడాలి."

ఫోన్లో రూతుకి చెప్పారు, అరగంట కాయితం మీద రాసుకోండి, స్క్రీను ఆగుద్ది, కంగారు పడొద్దు అని. రూతు సరే మేడమ్ అని కాయితాలు తెప్పించింది.

ఆఫ్రీన్ మెయిన్ దించింది. పెద్ద ఇన్వర్టరు కట్టేసింది. హోరు మళ్లీ ఆగింది. రవూఫ్ గారు ఆ చిన్న పెట్టెని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. వెచ్చగా ఉంది. బ్యాటరీ నుంచి దాని వైరు ఊడబెరికారు. దాని నీలం దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. గదిలో ఇంక వెలుగంటే కిటికీలోంచి పడుతున్న ఎండ ఒక్కటే.

ఇంక ఉయ్యూరు పెట్టె తను ఒంటరినని తెలుసుకుని ఆగాలి. ఎంతసేపు అన్నారు మార్తమ్మ గారు. అర నిమిషం అంది ఆఫ్రీన్. తను కట్టిన ఇల్లు కూలడం చూడ్డానికి తనే నిలబడింది.

అర నిమిషమయ్యింది. నిమిషమయ్యింది. రెండయ్యాయి.

"మేడమ్, ఇంకా ఆపలేదా అండీ?" అంది రూతు. "ఇక్కడ స్క్రీను నడుస్తూనే ఉంది. ఏడో మంచం బరువు ఇప్పుడే సేవ్ చేశాను. అయ్యింది."

ఆఫ్రీన్ తన ఫోన్ తీసి, దాని నెట్టు మీద ఉయ్యూరు పెట్టెలోకి వెళ్లి చూసింది. చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. మొహంలో రంగు మారింది. కోపం పోయింది, భయం కూడా కాదు. గ్రహణం చూసే పిల్లల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"రెండు ఓట్లున్నాయి మామూ."

ఉయ్యూరుది ఒకటి. రెండోదెక్కడిది అన్నారాయన. ఆయన చేతుల్లో మూడో పెట్టె చల్లబడుతోంది. ఆఫ్రీన్ ఆ ఓటు ఏ లైను మీంచి వచ్చిందో వెతికింది. వెతికి ఫోన్ ఆయన మొహం ముందు పెట్టింది. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఆ ఊరి పేరు చదవగలరు. హనుమాన్ జంక్షన్.

ముగ్గురూ ఆ చచ్చిన పెట్టె వంక చూశారు. ఇది ఇక్కడుంది. దీని పేరుతో, దీని గొంతుతో, ముప్పై నలభై కిలోమీటర్ల అవతల ఇంకోటి ఏదో, నేనున్నానని పలుకుతోంది. ఇది బతికున్నన్నాళ్లూ అది మాట్లాడలేదు. ఇది ఆగాక అది అందుకుంది.

రవూఫ్ గారు లక్ష్మీకాంత్‌కి ఫోన్ కొట్టారు. ఆయన బేరం మధ్యలో ఉన్నాడు, వెనకాల గాలి కొట్టే మిషన్ చప్పుడు. మేడ మీద గదిలో ఏమన్నా ఉందా అని అడిగితే విసుక్కున్నాడు.

"అదేంటి భాయ్, మీరు పెట్టె తీసుకెళ్లిన నాలుగో రోజే మనిషిని పంపారుగా, దాని బదులు ఇంకోటి పెట్టడానికి? నేను మళ్లీ మెయిన్ దించేస్తానని మేడ మీదికి కరెంటు విడిగా లాగి, గదికి తాళం కూడా వేసుకుపోయాడు. తాళం చెవి నా దగ్గర లేదు, మీకిస్తానన్నాడు."

రవూఫ్ గారు ఎవర్నీ పంపలేదు. ఆఫ్రీన్ వైపు చూశారు. ఆ పిల్ల కూడా కాదన్నట్టు తలూపింది.

బల్ల మీద మార్తమ్మ గారి ఫోన్లో రూతు సిస్టర్ ఇంకా లైన్లోనే ఉంది. ఎనిమిదో మంచం ఆయన్ని తూకానికి లేపుతున్నారు.

"మేడమ్, నన్నేం చెయ్యమంటారు? కాయితం మీద రాయనా, దీన్ని నమ్మనా?"